పొట్ట ముందు తగ్గాలా, కండ ముందు పెరగాలా?

బరంపురంలో జిమ్‌లో కొత్తగా చేరేవారికి మొదటి రోజే రెండు తీర్పుల్లో ఒకటి తప్పదు. పొట్ట ఉన్నవారితో "ముందు కొవ్వు కరిగించండి, బరువుల సంగతి తరువాత చూద్దాం" అంటారు. బక్కపలచని కుర్రాడితో "దొరికిందల్లా తిను తమ్ముడూ, ముందు ఒళ్లు రావాలి" అంటారు. హైదరాబాద్ నుంచి వచ్చే తెలుగు వీడియోలు చెప్పేదీ ఇదే, భువనేశ్వర్ నుంచి వచ్చే ఒడియా వీడియోలు చెప్పేదీ ఇదే. రెండు భాషలూ తెలిసిన మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దు జనానికి ఒకే అర్ధసత్యం రెండుసార్లు ముడుతుంది.

ఈ సలహాలు పాటించినవారి సంగతి చూడండి. మొదటివారు రాత్రి అన్నం మానేసి, రోజూ గంట నడిచి, కొన్ని నెలల్లో ఏడెనిమిది కిలోలు తగ్గుతారు. చొక్కా వదులవుతుంది, మొహం పీక్కుపోతుంది, భుజాలు జారిపోతాయి, పొట్ట మాత్రం సగానికి సగం అలాగే ఉంటుంది. రెండోవారు పరోటాలు, బిర్యానీలు, గ్లాసుల కొద్దీ తియ్యటి మిల్క్‌షేకులు లాగించి ఆరు కిలోలు పెరుగుతారు. అందులో ఎక్కువ భాగం నడుము చుట్టే చేరుతుంది. అప్పుడు వాళ్లనూ మొదటి వరసలోకి పంపి, కొవ్వు కరిగించమంటారు.

అసలు ఈ సలహాల వెనక ఉన్న ఊహ ఒకటే: కొవ్వు, కండ ఒకదాని తరువాత ఒకటి తేల్చుకోవలసిన పనులని. ఒంట్లో అవి అలా వరసలో నిలబడవు. ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నది మీ కండ పెరుగుతుందా లేదా అన్నదాన్ని తేల్చదు. కండ పెరగడానికి కావలసిన శక్తి ఎక్కడి నుంచి రావాలి, ఒంటి నిల్వలోంచా, కంచంలోంచా అన్నదాన్ని తేలుస్తుంది. ఈ తేడా పట్టుబడితే ఎవరెలా తినాలో సగం తేలిపోతుంది.

కూలి వేరు, పట్టు వేరు

బరువెత్తినప్పుడు కండర పోగుల మీద బలమైన లాగుడు పడుతుంది. ఆ లాగుడే సంకేతం. దాన్ని అందుకున్న కండరం తనలో కొత్త ప్రొటీన్ పేర్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ పని జిమ్‌లో జరగదు. ఇంటికొచ్చాక, పడుకున్నాక, మర్నాడు ఆఫీసులో కూర్చున్నప్పుడు, మొత్తం మీద 24 నుంచి 48 గంటల పాటు మామూలుకంటే జోరుగా సాగుతుంది. ఒక కండరానికి వారంలో ఒక్కరోజే చావబాది, మిగిలిన ఆరు రోజులు వదిలేయడం కంటే వారానికి రెండుసార్లు పని చెప్పడం మేలనడానికి ఇదొక కారణం.

ఈ నిర్మాణానికి రెండు కావాలి. ఒకటి పదార్థం, అంటే ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాలు. రెండోది వాటిని పేర్చడానికి శక్తి. బరంపురం పట్టుచీరకు పట్టు వేరు, నేసినవారి కూలి వేరు. ఇంట్లో దాచిన డబ్బుతో కూలి ఇవ్వవచ్చు గాని, ఆ నోట్లనే పడుగూ పేకా చేసి చీర నేయలేం. ఒంటి కొవ్వు సరిగ్గా ఆ దాచిన డబ్బే. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. 80 కిలోల మనిషి బరువులో 28 శాతం కొవ్వైతే అతని ఒంట్లో లక్షా డెబ్బై వేల కేలరీల నిల్వ ఉన్నట్టు. శక్తికి అతనికేం కొదవ? కాని కొవ్వులో నత్రజని లేదు. నత్రజని లేనిదే అమైనో ఆమ్లం లేదు. అందుకే "కొవ్వు కండగా మారుతుంది" అన్నది వట్టి మాట. కొవ్వు కండకు శక్తినివ్వగలదు, కండ కాలేదు.

ఇంకో సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. కండరంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. ప్రొటీన్ ఐదో వంతు. అంటే కిలో కండలో ప్రొటీన్ 200 గ్రాములు. ఇంత కొంచెమే అయితే రోజూ అంతేసి ప్రొటీన్ తినడం దేనికి? ఎందుకంటే ఒళ్లు ఉన్న ప్రొటీన్‌ను కూడా రోజూ విప్పి మళ్లీ కడుతూ ఉంటుంది. పెద్దవారిలో రోజుకు 300 గ్రాముల దాకా ఇలా విప్పుడూ కట్టుడూ జరుగుతుంది, అందులో కొంత తిరిగిరాకుండా పోతుంది. కండ పెరగడమంటే కట్టింది విప్పినదానికంటే కాస్త ఎక్కువ కావడం. ఆ "కాస్త" నెలల తరబడి పోగుపడాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం మామూలు మనిషికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. బరువులెత్తేవారి లెక్క వేరు. 49 పరీక్షలను, 1,863 మందిని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో వచ్చింది. కిలోకు 1.6 గ్రాముల వరకు ప్రొటీన్ పెంచితే కండ పెరుగుదలకు మేలుందని, సగటున ఆపైన పెద్ద లాభం లేదని అది తేల్చింది. జాగ్రత్త కోసం 2.2 దాకా వెళ్లేవారున్నారు. అంతకు మించి తినేది కండకు కాదు, డబ్బా అమ్మేవాడికి.

ఇప్పుడు పొట్ట ఉన్నవారి దగ్గరికి వద్దాం. కొవ్వు తగ్గుతూ ఉండగానే కండ పెరగగలదా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు అధిక బరువున్న 40 మంది యువకుల మీద దీన్ని పరీక్షించి 2016లో ప్రచురించారు. నాలుగు వారాల పాటు అందరికీ అవసరం కంటే 40 శాతం తక్కువ కేలరీలు పెట్టారు. వారానికి ఆరు రోజులు బరువులతో, తీవ్రమైన కసరత్తులతో ఒళ్లు హూనం చేశారు. సగం మందికి కిలోకు 1.2 గ్రాముల ప్రొటీన్, మిగతా సగానికి 2.4 గ్రాములు. మొదటి గుంపు మూడున్నర కిలోల కొవ్వు పోగొట్టుకుంది, కొవ్వు లేని ఒంటి బరువు ఉన్నది ఉన్నట్టే నిలిచింది. రెండో గుంపు 4.8 కిలోల కొవ్వు పోగొట్టుకుని, కొవ్వు లేని బరువు 1.2 కిలోలు పెంచుకుంది. తిండి అంతగా తగ్గించినా కండ పెరిగిందంటే శక్తి ఒంటి కొవ్వు నుంచి వచ్చింది, పదార్థం కంచంలోంచి వచ్చింది.

ఆ కుర్రాళ్లు క్రమమైన బరువుల కసరత్తుకు కొత్త, వయసులో ఉన్నవారు, తిండి మొత్తం పరిశోధకులే ఇచ్చారు. నలభై దాటి, దుకాణంలో కూర్చుని, మధ్యాహ్నం మిఠాయి పెట్టె చేతులు మారే చోట ఉన్నవారికి ఫలితం ఇంత నాటకీయంగా రాదు. దిశ మాత్రం అదే. కాబట్టి "ముందు కొవ్వు, తరువాత బరువులు" అన్న సలహా తిరగేసి చెప్పినది. పొట్ట ఉన్నవారికే బరువులు మొదటి రోజు నుంచి కావాలి, ఎందుకంటే తిండి తగ్గించినప్పుడు కండను కాపాడేవి అవే.

కొవ్వు ఎక్కువగా ఉంటే కండ కట్టే పనికి ఆటంకమే లేదా? ఉంది. అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం వారు యువకులకు మాంసం తినిపించి చూస్తే, బరువు ఎక్కువున్నవారి కండరాలు తిన్న ప్రొటీన్‌కు మందకొడిగా స్పందించాయి. ఇన్సులిన్ సరిగా పని చేయకపోవడం, కొవ్వు కణాలు మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మార్చేయడం కూడా ఈ కోవలోవే. కాని ఇవి గేటు మూసేసే ఆటంకాలు కావు. పైగా ఇన్సులిన్‌కు కండరం చురుగ్గా స్పందించేలా చేసే ఉపాయాల్లో బరువులెత్తడం ముందు వరసలో ఉంటుంది. ఆటంకానికి మందు ఆ కసరత్తే అయినప్పుడు దాన్ని వాయిదా వేయడంలో అర్థం లేదు. "ఒంటి కొవ్వు పదిహేను శాతానికి దిగేదాకా తిండి పెంచవద్దు" అని గీత గీసి చెప్పేవారి మాటకు ఆధారం పలచన. బరువులెత్తనివారిని చూసి కట్టిన ఊహను బరువులెత్తేవారికి అంటగట్టడం అది.

బక్కవారికి లెక్క తిరగబడుతుంది

బక్కవారి దగ్గర దాచిన డబ్బు తక్కువ. నిల్వ పలచగా ఉన్నప్పుడు దాన్నుంచి రోజుకు తీయగలిగేదీ పలచనే. తిండి చాలకపోతే ఒళ్లు ముందు ఖర్చులు కోస్తుంది, కొత్త కండ కట్టడం ఆ కోతల్లో మొదటిది.

మినసోటా విశ్వవిద్యాలయంలో 1944–45లో ఆన్సెల్ కీస్ చేసిన ప్రయోగం దీనికి పాత సాక్ష్యం. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీలే ఇచ్చారు. వాళ్లు తమ బరువులో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకున్నారు, అందులో కండ కూడా బాగా పోయింది. తిరిగి తిండి పెట్టినప్పుడు కొవ్వు ముందు వెనక్కి వచ్చింది, కండ వెనకబడింది. అతిగా పస్తులుండి, ఆపైన అతిగా తినేవారి ఒళ్లు ఎందుకు మెత్తబడుతుందో ఇక్కడే కనిపిస్తుంది.

అతి సన్నదనం కూడా కండకు మంచిది కాదు. మందులు వాడని ఒక బాడీబిల్డర్‌ను ఏడాది పాటు గమనించిన నివేదిక 2013లో వచ్చింది. పోటీ కోసం అతను ఒంటి కొవ్వును 14.8 నుంచి 4.5 శాతానికి దించాడు. ఆ ఆరు నెలల్లో టెస్టోస్టెరాన్ నాలుగో వంతుకు పడిపోయింది, బలమూ తగ్గింది. వేదిక మీద నూనె రాసుకుని నరాలు కనిపించేలా నిలబడ్డ ఆ రోజు అతని ఒళ్లు చూడడానికే బాగుంటుంది, పనికి మాత్రం అధ్వానంగా ఉంటుంది. గోడ మీద అతికించిన పోస్టర్ చూసి ఏడాదంతా అలా ఉండాలనుకునే కుర్రాళ్లు ఇది గమనించాలి.

అయితే బక్కవారు దొరికిందల్లా తినాలా? లూసియానాలోని పెన్నింగ్టన్ పరిశోధన కేంద్రం వారు 25 మందిని తమ దగ్గరే ఉంచుకుని, ఎనిమిది వారాలు అవసరం కంటే రోజుకు 950 కేలరీలు అదనంగా తినిపించారు. బరువులెత్తడం లేదు, ఊరికే తినడమే. కేలరీల్లో ప్రొటీన్ వాటా ఒక గుంపుకు 5 శాతం, మరొక గుంపుకు 15, మూడో గుంపుకు 25. మూడు గుంపులకూ కొవ్వు సుమారు మూడున్నర కిలోలు పెరిగింది. ప్రొటీన్ తక్కువ తిన్నవారి కొవ్వు లేని బరువు మాత్రం ముప్పావు కిలో దాకా తగ్గింది, మిగిలిన రెండు గుంపులకూ మూడు కిలోల అటూ ఇటూ పెరిగింది. అన్నేసి కేలరీలు మింగి కూడా ఒంట్లో సరుకు తగ్గడం! అదనపు కేలరీలు కొవ్వు ఎంతో తేల్చాయి, ప్రొటీన్ మిగతాది తేల్చింది.

కాబట్టి బక్కవారికి కావలసింది రోజుకు 250 నుంచి 350 అదనపు కేలరీలు, దానికి తగ్గ ప్రొటీన్. కండ కట్టే వేగానికి హద్దుంది. కొత్తగా మొదలుపెట్టిన మగపిల్లవాడు నెలకు కిలో పెరిగితే అది మంచి నెల. అంతకు రెండింతలు తింటే రెండింతలు పెరగడు, నడుము పెరుగుతుంది.

ఈ ఊరికి దీని లెక్క చూపించిన మనిషి ఉన్నాడు. బరంపురానికి చెందిన వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం తెచ్చాడు. నాలుగేళ్లలో ఒక విభాగం పైకి. వెయిట్‌లిఫ్టర్లకు ప్రతి కిలో లెక్కలో ఉంటుంది, పనికిరాని కొవ్వుతో విభాగం మారితే తమకంటే బలవంతుల మధ్య పడతారు. పైకి వెళ్లేవారు ఏళ్ల తరబడి వెళ్తారు, వేసవి సెలవుల్లో వెళ్లరు.

సన్నటి చేతులు, ముందుకొచ్చిన పొట్ట

పై రెండు రకాలకూ చెందనివారు మన దగ్గర ఎక్కువ. చేతులు సన్నగా, కాళ్లు పుల్లల్లా, భుజాలు ఇరుకుగా ఉంటాయి, పొట్ట మాత్రం చొక్కా గుండీల మీదకు వస్తుంది. కాటా ఎక్కితే 62 కిలోలు, ఎత్తుకు తగ్గ బరువే. వీళ్లకు జిమ్‌లో ఏం చెప్పాలో ఎవరికీ తోచదు. ఒకరు పెంచమంటారు, ఒకరు తగ్గించమంటారు, రెండూ చేసి రెండు విధాలా చెడినవారున్నారు.

పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వేయించాడు. అందులో ఒకరు ఆయన, పక్కన లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతో చెప్పే సూచీ, ఒక్కటే, 22.3. స్కానింగ్‌లో చూస్తే యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. కాటాకు ఇద్దరూ ఒకటే. యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పసికందులను కూడా ఇంగ్లండ్ శిశువులతో పోల్చింది. మన పిల్లలు 2.7 కిలోలు, వాళ్లు మూడున్నర. మన పిల్లల్లో కండ బాగా తక్కువ, వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే ఈ సన్నని చేతుల పొట్ట ఒంటికి పునాది కొంత పుట్టుకలోనే పడుతోంది. సోమరితనం అని తిట్టి లాభం లేదు.

అందుకే మన దేశంలో అధిక బరువును బీఎంఐ 25 నుంచి కాకుండా 23 నుంచే లెక్కిస్తారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరిక. తిన్న అన్నంలోంచి రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా పట్టుకునేది కండరమే. పట్టుకునే చోటు చిన్నదై, పోసేది పెద్దదైతే ఏమవుతుందో మన ఇళ్లలో నలభై ఏళ్లకే మొదలయ్యే మధుమేహం చెబుతోంది.

వీళ్లు తిండి పెంచనక్కర్లేదు, బాగా తగ్గించనూ కూడదు. కేలరీలు దాదాపు ఉన్నచోటే ఉంచి, లోపలి వాటాలు మార్చి, బరువులు మొదలుపెట్టాలి. శక్తి లోటును నడుము దగ్గరి నిల్వ నెమ్మదిగా పూడుస్తుంది. కాటా మీద ఆరు నెలలకూ పెద్ద మార్పు కనిపించకపోవచ్చు. అద్దంలోనూ, బెల్టు రంధ్రాల్లోనూ కనిపిస్తుంది.

కంచంలో లెక్క

58 కిలోల కాలేజీ కుర్రాడి రోజు ఒకటి తీసుకుందాం. ఇలాంటి రోజు గంజాం జిల్లాలో ఏ తెలుగింట్లోనైనా దొరుకుతుంది. పొద్దున బండి దగ్గర మూడు బరాలు (మన గారెల్లాంటివి), ఘుగ్ని (బఠాణీల కూర): బఠాణీల పుణ్యాన 12 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యపు అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు): బియ్యం నుంచి 12, పప్పు నుంచి 7. సాయంత్రం టీ, బిస్కెట్లు, గుప్పెడు మిక్చర్: 4. రాత్రి మళ్లీ అన్నం, కూర, మిగిలిన దాల్మా: 15. మొత్తం 50 గ్రాములు. మామూలు మనిషికి కావలసిన 48 గ్రాములు దాటింది. ఇంట్లో అమ్మ బాగానే పెడుతోంది, తప్పేమీ లేదు. కాని బరువులెత్తేవాడికి 1.6 చొప్పున 93 కావాలి. అందులో సగానికి కాస్త పైన ఉన్నాడు.

బియ్యం ప్రొటీన్‌ను తీసిపారేయకూడదు. అందులో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో లైసిన్ ఉంది గాని గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు తక్కువ. అన్నం, పప్పు కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. చిక్కల్లా పాళ్లలోనే. అన్నం గుట్టగా, పప్పు దాని మీద పసుపుపచ్చ మరకలా ఉంటుంది.

ఇదే కంచంలో 70 గ్రాముల బియ్యం తగ్గిస్తే 250 కేలరీలు పోతాయి. వాటి స్థానంలో రెండు గుడ్లు, 30 గ్రాముల మీల్‌మేకర్, అదే ఇక్కడి సోయాబడి, పెడితే ఆ 250 కేలరీలు తిరిగి వస్తాయి, ప్రొటీన్ మాత్రం నికరంగా 22 గ్రాములు పెరుగుతుంది. సన్నటి చేతుల పొట్టవారికి ఈ ఒక్క మార్పే సగం వైద్యం. బక్క కుర్రాడైతే బియ్యం తగ్గించకుండా ఇవి కలుపుకుని, పైన పెద్ద గిన్నెడు పెరుగు తింటే 84 గ్రాములకు చేరుతాడు, కేలరీలు 370 పెరుగుతాయి. చేపల కూర ఉన్న రోజు ఇంకో 20 గ్రాములు వచ్చి లెక్క దాటిపోతుంది. 82 కిలోల పెద్దమనిషి మాత్రం 82ను 1.6తో గుణించనక్కర్లేదు. కొవ్వుకు ప్రొటీన్ పెట్టాల్సిన పని లేదు కాబట్టి, తన ఎత్తుకు తగిన బరువు 65 అనుకుంటే 104 గ్రాములు చాలు.

ఒక్కపూటే అంతా తినేయడం కంటే మూడు పూటలా 25 నుంచి 30 గ్రాములు పడేట్టు చూసుకోవడం మేలు. మన కంచాల్లో ఎప్పుడూ వెలితిగా ఉండేది పొద్దున పూట. వయసు పెరిగినకొద్దీ కండరం మొద్దుబారి ఇంకాస్త ఎక్కువ అడుగుతుంది, ఇంట్లో పెద్దవాళ్లకేమో "అరగదు" అని ఇంకాస్త తక్కువ పెడతాం.

వేసవి పఖాళను కొందరు జిమ్ కుర్రాళ్లు చిన్నచూపు చూస్తున్నారు. అది నీళ్లు, అన్నం, ఉప్పు. ఎండలో చెమటోడ్చి వచ్చినవారికి అంతకంటే చల్లటి ఉపకారం లేదు, ప్రొటీన్ మాత్రం దాన్ని అడగకూడదు, పక్కన ఉన్నదాన్ని అడగాలి. బడి చూరా (నలిపిన వడియాలు) ఒక చెంచాడు ఉంటే లాభం లేదు. చిల్కా రొయ్యలు వందగ్రాములుంటే 20 గ్రాములు వచ్చినట్టే. ఎండు నెత్తళ్లు బరువులో సగానికి పైగా ప్రొటీనే, ఉప్పు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి రక్తపోటు ఉన్నవారు నానబెట్టి కడిగి వండుకోవాలి. రాయగడ, కోరాపుట్ వైపు రాగి జావ మీద పెద్ద నమ్మకం ఉంది. రాగుల్లో కాల్షియం అపారం, ప్రొటీన్ బియ్యమంతే. ఉలవలు అలా కాదు, నూటికి 22 పాళ్లు ప్రొటీన్, ఉలవచారు నీళ్లలో కాకుండా గింజల్లో ఉంటుంది. చారు మనం తాగి గింజలు పశువులకు పెట్టడం పాత పద్ధతి. పశువుల కండలు చూస్తే ఎవరు తెలివైనవారో తెలుస్తుంది.

శాకాహారులు అడిగే ప్రశ్నకు ఈ ప్రాంతంలోనే జవాబు పుట్టింది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారి అనే ప్రతీతి. పాలు, పెరుగు, ఛెనా (పాల విరుగుడు), సోయా, పప్పులతో లెక్క చేరుకోవచ్చు, కాకపోతే పరిమాణం మీద కన్నుండాలి. రసగుల్లా ఛెనాతోనే చేస్తారన్న వాదన మాత్రం చెల్లదు.

నిద్ర సంగతి తిండిలోనే చెప్పాలి. షికాగోలో అధిక బరువున్న పదిమందిని రెండు వారాలు ఒకే తక్కువ తిండి మీద, ఒకసారి ఎనిమిదిన్నర గంటలు, ఇంకోసారి ఐదున్నర గంటలు పడుకోనిచ్చారు. బరువు రెండుసార్లూ మూడు కిలోల దాకా తగ్గింది. బాగా పడుకున్నప్పుడు అందులో 1.4 కిలోలు కొవ్వు, నిద్ర చాలనప్పుడు 0.6 కిలోలే. మిగిలింది కొవ్వు లేని సరుకు. సూరత్ మరమగ్గాల మీద రాత్రి షిఫ్టులు చేసి వచ్చే గంజాం కుర్రాళ్లకు ఇది ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు. తిండి ఒక్కటే సరిచేసి వాళ్లను తప్పుపట్టలేం.

ఉద్దానం పక్కన ఉన్నవారికి

ఎక్కువ ప్రొటీన్ మూత్రపిండాలను పాడుచేస్తుందన్న భయం ఆరోగ్యవంతుల విషయంలో నిజం కాదు, పైన చెప్పిన పాళ్లలో హాని కనబడలేదు. అయితే ఈ వాక్యాన్ని గుంటూరులో రాసినంత తేలిగ్గా ఇచ్ఛాపురం సరిహద్దులో రాయకూడదు. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతాల్లో, అంటే ఉద్దానంలో, మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా మూత్రపిండాల జబ్బు వస్తోంది, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. బరంపురం జిమ్‌లకు వచ్చేవారిలో ఆ ఊళ్ల పిల్లలుంటారు, అక్కడి బంధువులున్నవారూ ఉంటారు. ఆ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండా సాగుతుంది. అక్కడివారు ప్రొటీన్ పెంచేముందు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి పంపే వ్యర్థం), మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోవాలి. ఇప్పటికే జబ్బున్నవారికి ఈ వ్యాసంలోని 1.6 వర్తించదు, డాక్టరు చెప్పిందే లెక్క.

ఇందులో ఇంకో మెలిక ఉంది. క్రియాటినిన్ కండరం నుంచే పుడుతుంది. కండ ఎక్కువున్నవారికి అది సహజంగానే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. క్రియేటిన్ పొడి, రోజుకు 3 నుంచి 5 గ్రాములు, బరువులెత్తేవారికి నిజంగా పనిచేసే కొద్దిపాటి సరుకుల్లో ఒకటి. అది తీసుకుంటుంటే మూత్రపిండాలు బాగున్నా క్రియాటినిన్ కాస్త పెరిగి కనబడవచ్చు. కాబట్టి పొడి మొదలుపెట్టక ముందే ఒకసారి పరీక్ష చేయించి కాగితం దాచుకోవాలి, తరువాత పరీక్షకు వెళ్లినప్పుడు పొడి వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పాలి. అనుమానం వస్తే కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి పరీక్ష ఉంది. కసరత్తు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి బిళ్లలు మింగే అలవాటు మాత్రం ప్రొటీన్ కంటే ప్రమాదకరం, వేసవిలో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మరీను.

కొవ్వు శాతం చెప్పే కాటాల గురించి రెండు మాటలు. అవి కాళ్ల గుండా సన్నటి విద్యుత్తు పంపి, ఒంట్లో నీటిని బట్టి కొవ్వును ఊహిస్తాయి. మే నెలలో చెమటలు కక్కి ఎక్కితే కొవ్వు పెరిగిందంటాయి, రెండు గ్లాసులు తాగి ఎక్కితే మాట మారుస్తాయి. దర్జీ టేపు నమ్మకమైనది. బొడ్డు దగ్గర నడుము కొలత, వారంలో మూడు నాలుగు పొద్దుళ్ల బరువు సగటు, ఎత్తుతున్న బరువుల పట్టీ, ఈ మూడూ ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు.

మూడు నెలల తరువాత ఆ పుస్తకం తెరవాలి. ఎత్తే బరువులు పెరుగుతూ, నడుము తగ్గుతూ ఉంటే కాటా ఏమన్నా పట్టించుకోవద్దు. బరువులు పెరుగుతున్నాయి, నడుము కదలడం లేదంటే బక్కవారికి అదే కావాలి, పొట్టవారు రాత్రి అన్నంలో గరిటెడు తగ్గించాలి. నడుము, బరువులు రెండూ తగ్గుతున్నాయంటే తిండి మరీ కోసేశారు, లేదా నిద్ర పోవడం లేదు. నడుము పెరుగుతూ, ఎత్తే బరువులు ఉన్నచోటే ఆగాయంటే అన్నం, టీలోని చక్కెర తగ్గించుకోవాలి. చాలామంది ఈ దశలో ఖర్చని చెప్పి ముందు గుడ్లు మానేస్తారు.